మూడు చుక్కలూ ఒక తోకా

నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడ ఏడో అంతస్తులో లిఫ్టు దిగగానే ఎదురుగా గోడమీద ఒక గుర్తు కనిపిస్తుంది. నీలం రంగులో మూడు చుక్కలు. మూడో చుక్క నుంచి కిందికి, కొంచెం కుడివైపు వంగిన తోక. ఊపిరితిత్తుల జబ్బుమీద పరిశోధన చేసే డాక్టర్ల బృందం లోగో అది. వాళ్ళ కాగితాల మీదా, తెల్లకోట్ల జేబుల మీదా, రక్తం తీసిపెట్టుకునే చిన్న సీసాల మీదా అదే ఉంటుంది.

ఆ లోగో గీసింది నేనే.

ఈ మాట మణికొండ నుంచి అక్కడికి పోయే షేర్ ఆటోలో పక్కన కూర్చున్న వాళ్ళకు చెప్పాను. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు చెప్పాను. మంగలి షాపులో ఇంకో అడుగు ముందుకేసి, జపాను వాళ్ళు కూడా అడిగారు గాని ఇవ్వలేదని చెప్పాను. జపాను నుంచి ఎవరూ అడగలేదు. గీసింది కూడా నేను కాదు, మా ఆవిడ. నేను చేసిందల్లా దాని చుట్టూ ఒక పెద్ద కథ అల్లి, ఆ కథలో నేనే ఇరుక్కోవడం.

నా ఉద్యోగం సంగతి చెబితే నా నోటి సంగతి అర్థమవుతుంది. బస్సు డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. కంట్రోలర్ అంటే బస్టాండు మూలన గూట్లో కూర్చుని, బస్సు ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళకు జవాబు చెప్పే మనిషి. బస్సు ఎక్కడుందో నాకూ తెలిసేది కాదు. అప్పట్లో డ్రైవర్ల దగ్గర సెల్‌ఫోన్లు ఎక్కడివి? తెలియదంటే జనం మీదికొస్తారు. అందుకని "వస్తున్నది, మలుపు తిరిగింది" అనేవాణ్ణి. ఆ మాట వినగానే ముసలమ్మలు మూట సర్దుకునేవాళ్ళు, తల్లులు చంకలో పిల్లను అటునుంచి ఇటు మార్చుకుని ఇంకాసేపు ఓపికపట్టేవాళ్ళు. నా మాట వల్ల బస్సేమీ త్వరగా వచ్చేది కాదు, నిలబడటం మాత్రం కొంచెం తేలికయ్యేది. ఆ అలవాటు నాతోపాటు ఇంటికి కూడా వచ్చింది. మా ఆవిడ దానికి ఒక పేరు పెట్టింది. నేనేదైనా చెప్పగానే కళ్ళు చిన్నవి చేసి అడిగేది:

"ఇది నిజమా, మలుపు మాటనా?"

ఆమెకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చింది. తడి స్పాంజీని ఎండలో పడేస్తే ఎలా బిగుసుకుపోతుందో అలాగన్నమాట అని పెద్ద డాక్టరు వివరించాడు. మొదట మెట్లెక్కితే ఆయాసం. తరువాత మాట్లాడితే ఆయాసం. జబ్బు వెనక్కి పోయే మందు ఇంకా లేదు, ముందుకు పోవడాన్ని కాస్త నిదానం చేసే మందు ఉంది. మంచి మందు కోసం పరిశోధన జరుగుతోంది, చేరతారా అని అడిగారు. చేరినందువల్ల మీకు మేలు జరగకపోవచ్చు, మీ తరువాత వచ్చేవాళ్ళకు జరగవచ్చు అని దాచకుండా చెప్పారు. 

"వెనుక బస్సోళ్ళకన్నమాట," అని ఆమె నా వంక చూసి సంతకం పెట్టింది.

నన్నూ పెట్టమన్నారు. ఒకే ఇంట్లో, ఒకే గాలి పీల్చి, ఒకే వంటింటి పొగలో తిరిగిన ఇద్దరిలో ఒకరికి జబ్బు వచ్చి ఇంకొకరికి ఎందుకు రాలేదో పోల్చి చూడాలట. పోలికకు నేను. వంటింటి పొగలో నేనెప్పుడూ తిరగలేదన్న సంగతి డాక్టరుకు వెంటనే చెప్పవలసింది. చెప్పలేదు. నా తరఫున ఆమే చెప్పింది: "సారు, ఈయన వంటింట్లకు గ్లాసు పెట్టనీకె కూడ రాలె." డాక్టరు నవ్వి అది కూడా రాసుకున్నాడు.

అప్పటినుంచి ఇద్దరం కలిసి పరీక్షలకు పోయేవాళ్ళం. గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాలి. నేను ఊదితే ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుందనీ, నర్సులు చప్పట్లు కొట్టారనీ మా అమ్మాయికి ఫోనులో చెప్పాను. ఆ మిషనుకు ముల్లే లేదు. తెరమీద ఒక గీత లేచి దిగుతుంది, అంతే. నర్సు "ఓకే అంకుల్, నెక్స్ట్" అంది.

పరీక్షలకు పొద్దున పోతే సాయంత్రమయ్యేది. కింద ఫుడ్‌కోర్టు తిండి అక్కడికొచ్చే రోగులకు పడదు. అందరూ ఇంటినుంచి టిఫిన్ డబ్బాలు తెచ్చుకునేవాళ్ళు. నర్సుల గది పక్కనున్న చిన్న పాంట్రీలో, ఒక బల్లమీద డబ్బాలన్నీ పెట్టేవాళ్ళం. అన్నీ స్టీలువే, అన్నీ ఒకే కొలతవే. మొదటిరోజే సంగారెడ్డి నుంచి వచ్చిన ఒకాయన మా బీరకాయ కూర తినేశాడు. మాకు ఆయన పచ్చిపులుసు మిగిలింది.

"పేరు చూసుకోవద్దా అన్నా?" అంది మా ఆవిడ.

"చూసిన్నమ్మా. మూత మీద పేరు మీది కాదు గద!" అన్నాడాయన.

నిజమే. స్టీలు గిన్నె ఇచ్చేవాళ్ళు షాపులోనే తమ పేరు కొట్టించి ఇవ్వడం మనకు అలవాటు కదా. మా ఇంట్లో సామాను మొత్తం పెళ్ళికీ, గృహప్రవేశానికీ, మా అమ్మాయి ఓణీల ఫంక్షనుకూ వచ్చిందే. పప్పుగిన్నె మీద మా చిన్నమ్మ పేరు, మజ్జిగ చెంబు మీద మా డిపో మేనేజరు దంపతుల పేర్లు, టిఫిన్ డబ్బా మీద నాకే సరిగా గుర్తులేని ఒక దూరపు బావమరిది పేరు. మా పేరున్న గిన్నె ఒక్కటీ లేదు. కొందామంటే "ఉన్నయి గద, ఏంజేస్కుంటం" అనేది. "రోజూ ఊరందరి గిన్నెలల్ల తింటున్నం మనం" అని నవ్వేది.

ఆ తరువాతి పరీక్ష నాటికి ఇంకో సంగతి జరిగింది. నిజాంపేటలో ఉండే మా అమ్మాయి తన ఆడపడుచు పెళ్ళికి తల్లిని తీసుకుపోయి, గోళ్ళకు రంగు వేసింది. దానిమ్మ గింజ రంగు. మా ఆవిడ జీవితంలో గోళ్ళరంగు వేసుకోవడం అదే మొదలు. పెళ్ళిలో అందరికీ వడ్డించే నెపంతో చేతులు చూపించిందట. పరీక్షరోజు వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూడాలంటే రంగు అడ్డమని నర్సు దూదితో అద్ది మొత్తం తుడిచేసింది. ఆమె పాంట్రీలో కూర్చుని వట్టి గోళ్ళను చాలాసేపు చూసుకుంది. రంగు సీసా సంచిలోనే ఉంది. "పాడుగాను, మంచి రంగు," అని దాన్ని తీసి, మా డబ్బా మూత దగ్గరికి లాక్కుంది.

"ఒక చుక్క పెట్టు చాలు," అన్నాను.

"గా మూలకున్న డబ్బాకు ఒక చుక్క ఉన్నది."

"రెండు పెట్టు."

"రెండు నల్లగొండ అమ్మది. మనకు మూడు."

"ఇంకొకడొచ్చి నాలుగు పెడతడు. వాని వెనుక వచ్చెటోడు అయిదు. ఆఖరుకు మూత ఎత్తనీకె రాదు, ముగ్గు తొక్కినట్టయితది," అన్నాను.

ఆమె నవ్వింది. కుంచె జారింది. మూడో చుక్క కిందికి తోకలా సాగింది.

"తుడువు," అన్నాను.

"వద్దు. ఉండనియ్. చుక్కలంటె ఎవరన్న పెడ్తరు. గిట్ల తోక ఎవరు పెడ్తరు?"

ఇంటికొచ్చి మిగతా మూతలన్నిటి మీదా అదే గుర్తు పెట్టింది, తోకతో సహా. ఈసారి చెయ్యి జారలేదు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, మొదటి మూతను ఎదురుగా పెట్టుకుని, ఆ జారుడును జాగ్రత్తగా దించింది.

ఆమె పోయింది. ఈ ఒక్క మాటను పెంచి చెప్పడం నాకు చేతకాలేదు. చివరి రోజుల్లో రిపోర్టులు వచ్చినప్పుడల్లా "ఏమన్నడు డాక్టరు?" అని అడిగేది. "తగ్గుమొఖం పట్టిందన్నడు" అనేవాణ్ణి. మలుపు మాటనా అని ఆమె అడుగుతుందని ఎదురుచూసేవాణ్ణి. అడిగేది కాదు. మూట సర్దుకున్నట్టు దుప్పటి సర్దుకునేది.

ఆ తరువాత ఇంట్లోకి ఒక పనిమనిషి కుదిరింది. నిండా పనిమంతురాలు. ఒకరోజు స్టీలు పీచు పెట్టి గిన్నెలన్నీ తళతళలాడేటట్టు తోమి వరుసగా బోర్లించి, "మూతల మీద ఏందో ఎర్ర మరకలు సారూ, ఎంత రుద్దినా పోకపాయె. ఇయ్యాల పోగొట్టిన," అని చూపించింది. బాగున్నాయమ్మా అన్నాను. ఇంకేమనను? ఒక్క మూత మాత్రం, ఆమె పాంట్రీలో గీసిన టిఫిన్ డబ్బాదే, లోపల బిస్కెట్లు పోసి ఉంచడం వల్ల బతికింది. దాన్ని తీసి అలమారలో ఆమె చీరల మధ్య పెట్టాను. అప్పుడప్పుడు తీసి తోకమీద వేలు పెట్టి గీసేవాణ్ణి. ఎన్నిసార్లు గీసినా నా వేలికి ఆ వంపు పట్టుబడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద డాక్టరు ఫోను చేశాడు. కోస్తా మనిషి, గుంటూరు వైపు. నన్ను మొదటినుంచీ "మాస్టారూ" అని పిలుస్తాడు. నేను ఎవరికీ పాఠం చెప్పినవాణ్ణి కాదు. బడిపంతుల్ని కాదు సారూ అని ఒక్క ముక్క చెబితే పోయేది, వినడానికి బాగుందని ఊరుకున్నాను.

"మా బృందానికి లోగో ఒకటి పెట్టుకుంటున్నామండి. పరిశోధనలో ఉన్నవాళ్ళ తరఫున కూడా ఒక మనిషి కమిటీలో ఉండాలని అనుకున్నాం. మీరు రావాలి మాస్టారూ."

పోయాను. మాదాపూర్‌లో ఏదో కంపెనీలో పనిచేసే ఒక అమ్మాయి, శనివారాలు ఈ పనికని వస్తోంది, తెరమీద బొమ్మలు చూపించింది. రెండు ఆకులు పక్కపక్కన పెడితే ఊపిరితిత్తులు. కొమ్మలు విరిసిన చెట్టు, అదీ ఊపిరితిత్తులే. రెండు అరచేతుల మధ్య గాలి.

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. "బాగున్నాయమ్మా. కానీ చూస్తే హాస్పిటలో, హెర్బల్ టీయో తెలియట్లేదండి."

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది గాని మొహం చిన్నబోయింది. ఆ సందులో నా చెయ్యి టీ కప్పు కింది టిష్యూ కాగితం మీదికి పోయింది. మూడు చుక్కలూ, తోకా గీసి ముందుకు జరిపాను.

డాక్టరు కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు. "ఇదేదో ఉందండీ ఇందులో. ఎక్కడిది మాస్టారూ?"

టిఫిన్ డబ్బా మూతది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఏమవుతుందో తెలుసు. చాలా బాగుందండి అంటారు, ఇంకో కప్పు టీ పోయిస్తారు, టిష్యూ కాగితం చెత్తబుట్టలో పడుతుంది. ఇంట్లో ఒక్క మూతే మిగిలింది. గోడమీదికెక్కితే ఏ పీచూ దాన్ని తోమలేదు.

"మా ఊరి పొలిమేరల ఒక రాయి ఉండేదండి," అన్నాను. నా జన్మలో అండి అననివాణ్ణి, ఆ అబద్ధానికి కొంచెం బరువుండాలని తగిలించాను. "మా తాత వైద్యుడండి. ఆయన తాత కూడా. రోగులు ముందు ఆ రాయి దగ్గరికి వచ్చి, తరువాత మా ఇంటికి వచ్చేవాళ్ళట. రాయిమీద ఈ గుర్తు. మొదటి చుక్క ఒళ్ళు, రెండోది మనసు, మూడోది ఊపిరి. ఊపిరి జారిపోతుంటే వైద్యుడు దాని వెంబడే కిందికి వంగుతడు. అదీ ఈ తోక."

మా తాత ఎద్దుల కాళ్ళకు నాడాలు కొట్టేవాడు. వైద్యంలో ఆయన ప్రవేశం అంతవరకే.

నేను చెప్పింది నాకే నిజమనిపించింది. వారం తిరిగేసరికి డాక్టరు ఆ కథను తీసుకుని ఒక పేజీ రాసి నాకు పంపాడు. అందులో మూడు చుక్కలు రోగి, వైద్యుడు, శాస్త్రం కూడా అయ్యాయి. తోక తరతరాల జ్ఞానప్రవాహం అయింది. చదివి నేను లేచి కూర్చున్నాను. పెంచడంలో నన్ను మించినవాడు ఈ ఊళ్ళో ఉన్నాడని అప్పుడే తెలిసింది.

చిక్కల్లా ఆ పేజీ కింద ఉంది. "ఆదివారం మీ ఊరు వెళ్ళి ఆ రాయిని ఫొటో తీసుకుందాం మాస్టారూ. కారు నేనే తెస్తాను."

ఆ ఆదివారం కాళ్ళ నొప్పులన్నాను. తరువాతి ఆదివారం చుట్టాల ఇంట్లో ఫంక్షనన్నాను. మూడోసారి అడిగేసరికి, "రాయి రింగు రోడ్డు కింద పోయిందండి," అనేశాను. ఇది గట్టి అబద్ధం. ఈ చుట్టుపక్కల చెరువులూ గుట్టలూ ఎన్ని పోలేదు? ఒక రాయి పోయిందంటే ఎవరు కాదంటారు? డాక్టరు నిజంగానే బాధపడ్డాడు. "అయ్యయ్యో, ఎంత నష్టమండి," అన్నాడు. గండం గడిచిందనుకుని నేను ఆ సాయంత్రం హాయిగా మిర్చిబజ్జీలు తిన్నాను.

మళ్ళీ శనివారం కమిటీకి పోతే, తెరమీద గుర్తు నిటారుగా నిలబడి ఉంది. మూడు చుక్కలు, కింద స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీత.

"తోకేదమ్మా?" అన్నాను.

"క్లీన్ చేసిన అంకుల్. ఆ వంకర డిజైన్ కాదు కదా, రాయి పగులు. వానకు ఎండకు అట్ల అయ్యుంటది. ఒరిజినల్ స్ట్రెయిట్‌గనే ఉండి ఉంటది."

"పగులు కాదు."

"మీకెట్ల తెలుసు అంకుల్? ఇప్పుడు చూద్దామంటే రాయి లేకపాయె."

నేను చంపేసిన రాయి తిరిగొచ్చి నా కాలిమీదే పడింది. డాక్టరు కూడా ఆమెవైపే తల ఊపాడు. "శాస్త్రంగా ఆలోచిస్తే అమ్మాయి చెప్పింది సబబేనండి. ఆధారం లేనప్పుడు సింపుల్‌గా ఉండటం మేలు. వచ్చేవారం గోడమీద పెట్టేవాళ్ళు వస్తున్నారు, ఫైనల్ చేసేద్దాం."

ఇంటికి వస్తుంటే షేర్ ఆటోలో నా పక్కన ఒకాయన ఏదో అడుగుతున్నాడు గాని నాకు వినబడలేదు. తోక లేకపోతే అవి వట్టి చుక్కలు. చుక్కలంటే ఎవరన్నా పెడతారు. అలమార తెరిచి మూత తీశాను. దాన్ని కండువాలో చుట్టి, ఆ వారమంతా బల్లమీదే ఉంచాను.

శనివారం గోడపనివాళ్ళు వరండాలో నిచ్చెన వాల్చుకుని కూర్చున్నారు. నేను లోపలికి పోయి నిలబడే చెప్పాను.

"రాయి లేదండి."

"తెలుసు మాస్టారూ. రోడ్డు కింద పోయిందన్నారుగా," అన్నాడు డాక్టరు.

"రోడ్డు కింద కూడ లేదు. ఎన్నడూ లేదు."

ఆ అమ్మాయి కంప్యూటరు మీదనుంచి చెయ్యి తీసేసింది. నేను కండువా విప్పి మూతను బల్లమీద పెట్టాను. మూతమీద మా దూరపు బావమరిది పేరు, దాని పక్కన దానిమ్మ రంగులో మూడు చుక్కలు, తోక. 

"ఇది మా ఇంటామె పెట్టిన గుర్తు. మీ పాంట్రీలనే కూసోని పెట్టింది. డబ్బాలు కలిసిపోతున్నయని. మా తాత వైద్యుడు కాదు. నేను మాస్టర్ను కూడ కాదు సారు, బస్సు కంట్రోలర్ను."

"మరి ఈ వంకర?" అంది ఆ అమ్మాయి. గొంతులో కోపం ఉంది. ఉండవలసిందే.

ఇక్కడ మీకూ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆమె నవ్వితే కుంచె జారిందని పైన రాశాను. నవ్విన మాట నిజం. కుంచె జారింది నవ్వుకు కాదు. నా ముగ్గు మాటకు ఆమె నవ్వడం మొదలుపెట్టింది, ఆ నవ్వు సగంలో దగ్గయింది. ఆ రోజుల్లో ఆమె నవ్వులన్నీ అలాగే అయ్యేవి. పట్టరాని దగ్గు, భుజాలు ఎగిరిపడేంత దగ్గు. కుంచె వేళ్ళ మధ్యనే ఉంది. దగ్గు తెర తగ్గాక చూస్తే మూడో చుక్క కిందికి సాగి ఉంది. తుడవమన్నది అందుకే. నాకు ఆ గీత చూడాలనిపించలేదు. ఆమెకే దాన్ని చూస్తే నవ్వొచ్చింది, మళ్ళీ దగ్గొచ్చింది.

ఆ రోజు తరువాత నేను ఆమె దగ్గర జోకులు మానేశాను. ఆమెకు కోపమొచ్చింది. "ఏందయ్యా, ఇగ నవ్వియ్యవా నన్ను? దగ్గు ఎట్లయినా వస్తది. నవ్వొచ్చి వస్తె ఏంబాయె?" అంది. నేను మళ్ళీ మొదలుపెట్టలేదు. ఇప్పుడు జోకులన్నీ కుప్పగా మిగిలిపోయి ఉన్నాయి.

ఇదంతా వాళ్ళకు చెప్పాను. ఇంత వరుసగా కాదు, మధ్యలో ఆగి ఆగి చెప్పాను. డాక్టరు మూతను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, రిపోర్టు చూసినట్టు చూశాడు.

"మా మిషన్లో ఊదుతున్నప్పుడు మధ్యలో దగ్గొస్తే తెరమీద గీత ఇలాగే పడుతుందండి," అన్నాడు. "ఇంచుమించు ఇదే వంపు. అలాంటి గీతల్ని మేము పనికిరావని కొట్టేస్తాం. మళ్ళీ ఊదమంటాం."

ఆ అమ్మాయి అడిగింది, "ఆ జోకేంది అంకుల్?"

చెప్పాను. నాలుగు చుక్కలు, అయిదు చుక్కలు, ముగ్గు తొక్కడం. ఎవరూ నవ్వలేదు. అక్కడ కూర్చుని చెబితే అంత గొప్ప జోకేమీ కాదు.

ఆమె మూతను బల్లమీద పెట్టి, పైనుంచి సెల్‌ఫోనుతో ఫొటో తీసి, తెరమీదికి ఎక్కించి, దానిమీదే గీత దించడం మొదలుపెట్టింది. తోక చివర రంగు ఎండి గుండుసూది తలంత ఉబ్బు ఉంటే, దాన్ని కూడా వదల్లేదు. "సారీ అంకుల్, స్ట్రెయిట్ చేసినందుకు," అంది తల ఎత్తకుండా. రాయి కథ పుట్టించింది నేనైతే ఆమె సారీ చెప్పడం నాకు సిగ్గనిపించింది.

రంగు దగ్గర మాత్రం నేను ఓడిపోయాను. "ఎరుపు వద్దండి, లోపలికి రాగానే రోగులు రక్తమనుకుంటారు," అన్నాడు డాక్టరు. నీలం చేశారు. తన పేజీని ఆయన అక్కడే చింపేశాడు, జ్ఞానప్రవాహంతో సహా. మా ఆవిడ పేరు పెడదామంటాడేమోనని చూశాను. పెట్టలేమన్నాడు. పరిశోధనలో ఉన్నవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదన్నది నిబంధన, పోయినవాళ్ళకు కూడా వర్తిస్తుందట. "ఈ పరిశోధనలో పాలుపంచుకున్న ఒకరు తమ భోజనం డబ్బామీద పెట్టుకున్న గుర్తు" అని రాస్తే సరిపోతుందా అని అడిగాడు.

"ఒకరు అంటే ఎవరో అనుకుంటరు సారు. ఒకావిడ అని రాయరా?"

ఆయన కాస్త ఆలోచించి, "ఆ మాత్రం రాయొచ్చండి," అన్నాడు. ఇంట్లో గిన్నెల మీద ఆమె పేరు లేదు. ఇక్కడా లేదు. ఒకావిడ అని ఉంది.

గోడమీద లోగో పెట్టిన రోజు పరిశోధనలో ఉన్న అందరికీ తలా ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. మూతమీద మూడు చుక్కలూ తోకా, షాపులో పేర్లు కొట్టే మిషనుతోనే కొట్టించారు. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

పోలిక కోసం నా పరీక్షలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. తరువాతి పరీక్షకు పోయి, మధ్యాహ్నం పాంట్రీలోకి అడుగుపెడితే, బల్లమీద డబ్బాలన్నీ అవే. అన్ని మూతలమీదా మూడు చుక్కలు, అన్ని మూతలమీదా తోక. వికారాబాద్ నుంచి వచ్చే ఒకావిడ, మా ఆవిడ ఈడే ఉంటుంది, ఒక్కో మూతా ఎత్తి చూస్తూ ఆయాసపడుతోంది.

"అన్నా, ఏ డబ్బా ఎవరిదో సమజైతలేదు. అన్నీ ఒక్క తీర్గనె ఉన్నయ్. గీ గుర్తు పెట్టినోళ్ళకు జర బుద్ధి ఉండొద్దా?"

నేనే గీశానని ఆటోల్లో చెప్పుకు తిరిగినవాణ్ణి, అప్పుడు మాత్రం ఊరుకున్నాను. మా ఆవిడ వింటే పొట్ట పట్టుకునేది. ఆ నవ్వూ, దాని వెనకాల వచ్చే దగ్గూ రెండూ చెవిలో వినిపించాయి.

ఆ వికారాబాద్ ఆవిడ చివరికి తన డబ్బా కనుక్కుంది. నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి మూతకు అంటించి, "ఇగ ఇది నాది," అంది. నావైపు తిరిగి, "నీది దొరికిందా?" అని అడిగింది.

"దొరకలే."

ఆ తరువాతిసారి నేను కొత్త డబ్బా తేలేదు. అలమారలోంచి పాత మూత తీసి, పాత డబ్బాకే పెట్టుకుని పోయాను. ఇంట్లో దాచుకుంటే ఎప్పటికీ ఉంటుందని తెలుసు. కానీ ఆమె దాన్ని దాచుకోవడానికి పెట్టలేదు, బల్లమీద వెతుక్కోవడానికి పెట్టింది. పాంట్రీ గుమ్మంలో నిలబడి చూస్తే అన్ని తెల్లటి మూతల మధ్య అదొక్కటే ఎర్రగా, ఇట్టే కనబడింది.

"మంచిగున్నది నీ రంగు," అంది బొట్టుబిళ్ళ ఆవిడ. "ఎవరు పెట్టిన్రు?"

"మా ఇంటామె."

"రాలేదా ఈసారి?"

వస్తున్నది, మలుపు తిరిగింది అని నోటిదాకా వచ్చింది. "లేదమ్మా, పోయింది," అన్నాను. ఆమె తన డబ్బాలోంచి ఒక గరిటె చింతచిగురు పప్పు తీసి నా అన్నంలో వేసింది.

ఇంటికొచ్చి ఆ మూత నేనే కడిగాను. పీచు లేకుండా, వేళ్ళతో. అయినా తోక చివర ఉబ్బు దగ్గర ఒక పెచ్చు లేచి నా వేలికి అంటుకుంది. దానిమ్మ గింజ రంగు. చెయ్యి తుడుచుకోకుండా, దాన్ని అలాగే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.